రెండు వేళ్ళు కుంగాలి

"ఇంకా కొడుతోందయ్యా ఏసురత్నం" అన్నారు రామబ్రహ్మంగారు, మోటారుసైకిలుకి స్టాండు వేస్తూ.

ఏసురత్నం వెంటనే తలెత్తలేదు. కూచున్న పీట మీంచి లేవాలంటే ముందు ఎడమ మోకాలికి నచ్చజెప్పాలి, తరవాత నడుముకి. యాభై రెండేళ్ళ ఒళ్ళు అది. అందులో ఆరేళ్ళు పటాలంలో మిలిటరీ లారీల కింద వెల్లకిలా పడుకుని గడిపిన ఒళ్ళు. ఆ పైన పదిహేనేళ్ళుగా జగ్గయ్యపేట మిర్చికొట్ల వీధి చివర ఈ రేకుల షెడ్డు. ఇంక లేవడానికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? వచ్చినా ఈ మాట వినడానికి మాత్రం రాదు. మూడు నెలల్లో ఇది మూడోసారి. నందిగామ నించి ఇరవై మైళ్ళు వచ్చి మరీ ఈ పెద్దమనిషి ఇదే పాట పాడుతున్నాడు. అంతకుముందు తొమ్మిది నెలలూ "బంగారంలా ఉందయ్యా బండి" అన్న నోరే అది!

బండి సంగతి ముందు చెప్పాలి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న బండి. ఇంజను ఏనుగే, అందులో సందేహం లేదు. ఎటొచ్చీ దాని ముందుకాళ్ళే మొద్దుకాళ్ళు. హాండిలు కింద ఇనప కమ్మీల చట్రం, మధ్యలో ఒక్క లావుపాటి స్ప్రింగు, అంతే. తారురోడ్డు మీద పర్వాలేదు. నల్లరేగడి బాటలో ఎడ్లబళ్ళు పోయిన గాడి ఎండకి రాయిలా బిగుసుకున్నాక చూడాలి దాని అవతారం. దారిలో ఉన్న ప్రతి గుంటనీ తెచ్చి మనిషి మణికట్టులో పెట్టేది.

రామబ్రహ్మంగారి పనేమో అచ్చంగా అలాంటి బాటల్లోనే. ఆయన నందిగామలో కాపరం ఉండే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డు పల్లెల నించి ఇటు నైజాం పొలిమేర దాకా అరవై చిల్లర స్కూళ్ళు ఆయన కింద ఉన్నాయి. నెలకి ఇన్ని చూసి తీరాలని రూలు. చూడలేకపోతే ఆ పోస్టు తిరగగలిగినవాడికిచ్చి, ఈయన్ని తీసుకుపోయి ఎక్కడో మూల బెంచీ మీద పడేస్తారు. బండి నడపగలిగినన్నాళ్ళే ఆయన ఇన్‌స్పెక్టరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఏసురత్నానికీ తెలుసు. ఆ పాత చట్రంతో సాయంకాలానికి చేతులు మొద్దుబారి, రిజిస్టర్లో ఆయన సంతకం కోడి గీకినట్టు పడేది. ఒకూళ్ళో మేష్టరు ఆ సంతకం చూసి, ఇన్‌స్పెక్టరుగారు తన మీద కోపంతో గీసి పారేశారనుకుని రెండు రోజులు అన్నం మానేశాడట పాపం.

అందుకే కిందటేడు మాఘమాసంలో ఆ ముందు చట్రం, అంటే ఫోర్కు, మార్చే పని నెత్తిన వేసుకున్నాడు ఏసురత్నం. బెజవాడలో పాత ఇనప సామాన్ల కొట్లో, లారీ గుద్దిన కొత్తరకం బండి ఒకటి దొరికింది. వెనక సగం నుజ్జునుజ్జు. ముందు గొట్టాలు మాత్రం చెక్కుచెదరలేదు. గొట్టంలో గొట్టం దిగుతుంది, లోపల స్ప్రింగు, స్ప్రింగు చుట్టూ నూనె. గుంటలో పడితే మెత్తగా కుంగి మెల్లిగా లేస్తుంది. చెప్పడానికి బానే ఉంటుంది. దాన్ని తెచ్చి ఈ మిలిటరీ బండికి తగిలించడమంటే ఎద్దు మెడకి గుర్రం తల అతికించడమే. పొడుగు చాలదు, బేరింగు గిన్నెలు పట్టవు, చక్రం ఒక పక్కకి లాగుతుంది. లేతు పనికి మూడుసార్లు నందిగామ, ఒకసారి బెజవాడ తిరిగి, పదకొండో రోజుకి ఫోర్కు ఎక్కించాడు. ఎక్కించి, ఇంక జన్మలో ఇలాంటి పని పెట్టుకోనని ఒట్టేసుకున్నాడు. లోపల మాత్రం గర్వంగానే ఉంది. ఎందుకుండదు? ఆ చుట్టుపక్కల ఇంకెవడు చేస్తాడు ఆ పని?

ఆ పనిలో అసలు కిటుకు ఆఖర్న ఉంది. మనిషి ఎక్కి కూచుంటే ముందు ఫోర్కు సరిగ్గా రెండు వేళ్ళ మందం కుంగాలి. మూడు కుంగిందా, గుంటలో పడ్డప్పుడు అడుగు కొడుతుంది. ఒకటే కుంగిందా, దెబ్బంతా చేతికొస్తుంది. అది తెలుసుకోవడానికి ఏసురత్నం గొట్టం చుట్టూ నల్లదారం కట్టేవాడు. ఫోర్కు కుంగినప్పుడు దారాన్ని పైకి నెడుతుంది, లేచినా దారం అక్కడే ఉండిపోతుంది. ఎంత కుంగిందో వేళ్ళు పెట్టి చూసుకోవడమే. ఇక స్ప్రింగు కింద ఎన్ని ఇనప బిళ్ళలు వెయ్యాలన్నది మనిషి బరువుని బట్టి ఉంటుంది. బిళ్ళ వేస్తే బిగువు, తీస్తే మెత్తన.

"మీ బరువెంతండీ?" అని ఆ రోజు అడిగాడు.

"నాకేం తెలుసయ్యా? నేనేమన్నా మిరపకాయల బస్తానా?" అన్నారు రామబ్రహ్మంగారు.

అలా అన్నందుకు ఆయన్ని మిరపకాయల బస్తానే చేశారు. షెడ్డు పక్కనే వీరరాఘవయ్యగారి మిర్చి కమీషను కొట్టు. ఆయన నోటి దురుసు మనిషి, వ్యాపారం లేకపోయినా బతుకుతాడు గానీ వేళాకోళం లేకపోతే బతకలేడు. "రండి పంతులుగారూ రండి, తాలుకాయ లేని సరుకు, తూకంలో మోసం ఉండదు" అని కాటా పళ్ళెంలో కూచోబెట్టాడు. అవతలి పళ్ళెంలో ఇనప రాళ్ళు పడ్డాయి. ఆరు మణుగుల మూడు వీశెలు. "గోతం తరుగు తియ్యమంటారా?" అని వీరరాఘవయ్య అడిగితే, "కోటు తరుగు తీసుకో" అన్నారు రామబ్రహ్మంగారు. వీధంతా గొల్లుమంది. అప్పట్లో ఆయన నవ్వితే బొజ్జ కూడా నవ్వేది.

మణుక్కి ఎనిమిది వీశెలు గనక, మొత్తం యాభై ఒక్క వీశెలు. ఏసురత్నం అటు అయిదు ఇటు అయిదు బిళ్ళలు వేశాడు. దారం రెండు వేళ్ళు లేచింది. రామబ్రహ్మంగారు చిల్లకల్లు దాకా పోయి తిరిగొచ్చి, "ఏవయ్యా, నువ్వు మార్చింది బండినా, రోడ్డునా?" అన్నారు. ఆ మాటకి ఏసురత్నం పదకొండు రోజుల నడుం నొప్పి మర్చిపోయాడు.

అలాంటి బండి ఈ మాఘానికి మళ్ళీ కొడుతోందట!

మొదటిసారి వచ్చినప్పుడు రెండేసి బిళ్ళలు తీసి పంపాడు. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చారు. మిగిలిన మూడూ తీసేసి, లోపలి నూనె కూడా పారబోసి పల్చటి నూనె పోశాడు. ఇదిగో, మూడోసారి. ఇంక తియ్యడానికి బిళ్ళలు లేవు.

"చేతులు తిమ్మిరెక్కుతున్నాయయ్యా. నిన్న పెన్ను పట్టుకోలేకపోయా" అన్నారు రామబ్రహ్మంగారు. అని దగ్గారు. ఆ రోజుల్లో ఆ వీధిలో దగ్గని మనిషి లేడు. మిరపకాయలు దిగే రుతువు, గాలిలో కారం. కుక్కలు కూడా తుమ్ముకుంటూ పోయేవి.

"ఎక్కి కూచోండి" అన్నాడు ఏసురత్నం. దారం చూస్తే వేలున్నర కూడా లేచినట్టు లేదు. బిళ్ళలన్నీ తీసేశాక కూడా ఇంతేనా! అతనికి ఒళ్ళు మండింది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది బతుకు. "ఏదో తేడా ఉందండీ. పదండి, మళ్ళీ తూద్దాం" అన్నాడు.

ఆ ఏడే పేటలో కిలోలొచ్చాయి. మణుగులూ వీశెలూ మూలకి నెట్టి, సర్కారు ముద్ర ఉన్న కొత్త రాళ్ళు పెట్టారు. రైతులకి అర్థం కాదు, కొట్లవాళ్ళకి నోరు తిరగదు. ఇంటి దగ్గర తూచుకొస్తే ఒకటి, ఇక్కడ తూస్తే ఒకటి అని రోజూ పేచీలే. వీరరాఘవయ్య పంతులుగారిని మళ్ళీ పళ్ళెంలో కూచోబెట్టి, రాళ్ళు వేసి, కాగితం మీద గుణించి, రెండోసారి గుణించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"యాభై అయిదు కిలోలు. అంటే ముప్ఫై తొమ్మిది వీశెలు, పైన కాస్త."

"పోయినేడు యాభై ఒకటి గదండీ!" అన్నాడు ఏసురత్నం.

"అదే మరి! సర్కారువారు పంతులుగార్ని కూడా పన్నెండు వీశెలు మింగేశారు" అన్నాడు వీరరాఘవయ్య.

కొట్లో సరుకు దింపుకుంటున్న రైతులంతా ఒక్కసారి ఆ మాట అందుకున్నారు. "మా కాయలూ అంతేగదండీ! కిలోలొచ్చాక ఎవడి సరుకు సరిపోయింది గనక!" అన్నాడు చిల్లకల్లు రైతొకాయన. ఎవరి కడుపుమంట వాళ్ళది. అందరికీ తమ బస్తాలు గుర్తొచ్చాయి తప్ప ఎదురుగా పళ్ళెంలో కూచున్న మనిషిని ఎవరూ చూడలేదు. ఏసురత్నమూ చూడలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది రామబ్రహ్మంగారే. నవ్వి నవ్వి దగ్గొచ్చి, పళ్ళెం గొలుసు పట్టుకుని కాసేపు అలాగే వంగిపోయారు.

"బండి ఇక్కడ వదిలేసి పోండి. రేపు ఆదివారం, దీని సంగతేదో తేలుస్తా. సోమవారం మొదటి బస్సుకి రండి" అన్నాడు ఏసురత్నం.

"తేల్చడాలెందుకయ్యా? ఓ మెత్తటి స్ప్రింగు వేసెయ్యి. ముక్త్యాల వైపు ఇంకా పదహారు స్కూళ్ళున్నాయి. నెలాఖరులోపల చూడకపోతే నా పని ఖాళీ" అని ఆయన బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆదివారం ఏసురత్నం ప్రార్థనకి పోలేదు. ప్రభువుకి తన నడుం సంగతి తెలుసు, ఏమీ అనుకోడు. పొద్దున్నే ఫోర్కు మొత్తం విప్పి గుడ్డ మీద పరిచాడు. గొట్టాలు వంగలేదు. స్ప్రింగులు అద్దాల్లా ఉన్నాయి. కొలత వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. పట్టేసిన చోటు గానీ, తుప్పు గానీ, ఒక్క గీత గానీ కనపడదు. మామూలుగా తప్పు దొరక్కపోతే మెకానిక్కుకి భయమేస్తుంది. ఏసురత్నానికి కోపమొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడపడం చేతగాక నా ఫోర్కు మీద పడ్డాడీయన అనుకున్నాడు. అనుకుని, పోయినేడు ఎలా కట్టాడో అచ్చం అలాగే అయిదేసి బిళ్ళలూ వేసి, నూనె పోసి బిగించాడు. కాసేపు పీట మీద కూచుని బీడీ కాల్చుకున్నాడు. బీడీ అయిపోయింది గానీ కోపం పోలేదు.

మధ్యాహ్నం వీరరాఘవయ్య ఇంటికి పోయి నిద్ర లేపాడు. "మీ పాత రాళ్ళున్నాయా?"

"ఉంటే? సర్కారోళ్ళకి పట్టిస్తావా ఏంటి?"

"ఈ కిలోల మీద నాకు నమ్మకం లేదండీ. యాభై ఒక్క వీశెలు నా కళ్ళతో తూచి బండి మీద పెడతా. అప్పుడు తెలుస్తుంది తప్పెవరిదో."

తాతల నాటి రాళ్ళు పారెయ్యడానికి చేతులు రాక వీరరాఘవయ్య అటక మీద దాచాడు. ఆదివారం గనక హమాలీలు లేరు. ఇద్దరు ముసలాళ్ళూ తిట్టుకుంటూ, ఆగుతూ, ఒక్కొక్క మణుగు రాయీ దింపి షెడ్డుకి చేరవేసేసరికి పొద్దు వాలింది. ఆరు మణుగు రాళ్ళు, మూడు వీశె రాళ్ళు గోతాంలో వేసి, దాన్ని సీటు మీదకెక్కించి తాడుతో కట్టారు. వీరరాఘవయ్య హాండిలు పట్టుకుని నిలబడ్డాడు. ఏసురత్నం మోకాళ్ళ మీద కూచుని దారం పక్కన వేళ్ళు పెట్టాడు.

రెండు వేళ్ళు. అటూ రెండు, ఇటూ రెండు.

"చూశారా!" అని అరిచాడు ఏసురత్నం. "ఏడాదైనా ఇసుమంత తేడా రాలేదు! నా ఫోర్కులో తప్పుంటే నా పేరు మార్చుకుంటా!"

"సరే, నీ ఫోర్కు బంగారమే" అన్నాడు వీరరాఘవయ్య, చెమట తుడుచుకుంటూ. "మరి మా కాటా దొంగదా? పద, అదీ చూసేద్దాం."

మళ్ళీ రాళ్ళు మొయ్యడం. కొట్టు తెరిచి, పాత రాళ్ళు ఈ పళ్ళెంలో, కొత్త రాళ్ళు ఆ పళ్ళెంలో పెట్టారు. డెబ్భై ఒక్క కిలోలు వేశాక, ఇంకో చిన్న రాయి పడితే ముల్లు నిలబడింది. వీరరాఘవయ్య కాగితం మీద గుణించబోయి ఆగిపోయాడు. గుణించాల్సిన పని లేదు. యాభై ఒక్క వీశెలంటే డెబ్భై ఒక్క కిలోలు. నిన్న ఇదే పళ్ళెంలో మనిషి తూగింది యాభై అయిదు.

"కాటా సరిగానే ఉందయ్యా" అన్నాడు వీరరాఘవయ్య.

ఏసురత్నం అక్కడే బస్తా మీద కూలబడ్డాడు. బండి సరిగానే ఉంది. కాటా సరిగానే ఉంది. పదహారు కిలోల మనిషి ఏమైపోయాడు? నెలనెలా తన ముందుకొచ్చి నిలబడ్డాడే, మూడుసార్లు తనే చెప్పి బండి మీద కూచోబెట్టాడే! కళ్ళు గొట్టాల మీద, దారాల మీద పెట్టుకు కూచున్నాడు గానీ, ఒక్కసారి మొహంలోకి చూశాడా? తన మీద తనకే అసహ్యం వేసింది. వీరరాఘవయ్య కూడా ఆ సాయంత్రం ఒక్క వేళాకోళం ఆడలేదు.

సోమవారం మొదటి బస్సు దిగి వీధి మొదట్నించి నడిచొస్తుంటే, అప్పుడు చూశాడు ఏసురత్నం. కోటు చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. మెడ చుట్టూ కాలరు వదులై ఇంకో మెడకి చోటుంది. ఇంత దూరానికే రెండుచోట్ల ఆగారాయన, ఒకసారి కరెంటు స్తంభం పట్టుకుని, ఒకసారి వట్టినే.

"అయిందా? మెత్తటిది వేశావా?" అన్నారు రాగానే.

"ఎక్కి కూచోండి."

ఎక్కారు. ఏసురత్నం దారం దగ్గర వేలు పెట్టాడు. ఒక్క వేలు.

"నిన్న పాత రాళ్ళు, యాభై ఒక్క వీశెలు తూచి ఇక్కడ పెట్టానండీ. రెండు వేళ్ళు కుంగింది" అన్నాడు. "కాటా కూడా చూశాం. కిలోల్లో మోసం లేదు."

రామబ్రహ్మంగారు హాండిలు వదలకుండా ముందుకి చూస్తూ కూచున్నారు. దగ్గొచ్చింది. ఆగకుండా వచ్చింది. అయ్యాక జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, "పాడు ఘాటు" అన్నారు.

"ఇంకా కొట్లు తియ్యలేదండీ" అన్నాడు ఏసురత్నం.

వీధంతా తలుపులు వేసే ఉన్నాయి. రామబ్రహ్మంగారు ఆ తలుపుల వంక చూశారు, చివరి దాకా చూశారు.

"దసరా నించి" అన్నారు చివరికి. "సాయంకాలమయ్యేసరికి జ్వరం. మా ఆవిడ కమలాంబతో మలేరియా అని చెప్పా."

"నెత్తురు పడుతోందా?"

"రెండుసార్లు పడింది."

"క్షయేమోనండీ."

"ఆ మాట అనకయ్యా!" ఆయన చప్పున వీధి అటూ ఇటూ చూశారు. "ఆ మాట బయటికొచ్చిందా, ఏ ఊళ్ళోనూ నాకు కుర్చీ వెయ్యరు. ఇల్లుగలాయన మర్నాడే సామాను బయట పెట్టమంటాడు. మా వసుమతి కడుపుతో పుట్టింటికొచ్చి ఉంది. నెలలు నిండుతున్నాయి. దాన్ని తీసుకుని ఎక్కడికి పోను? జూన్ దాకా, ఏసురత్నం. జూన్ దాకా నెట్టుకొస్తా. ఆ పదహారు స్కూళ్ళూ చూసేస్తా. నువ్వు మెత్తటి స్ప్రింగు వెయ్యి, చాలు. నిన్ను ఇంకేమీ అడగను."

గోడకి ఆనించిన డబ్బాలో సన్నతీగ స్ప్రింగులు ఉన్నాయి. రెండు గంటల పని. వేసిస్తే ఆయన నవ్వుతూ పోతారు, బంగారంలా ఉందంటారు. ఏసురత్నానికి అలసటగా ఉంది. నిన్న మోసిన రాళ్ళు ఇంకా భుజాల మీదే ఉన్నట్టున్నాయి. వేసిచ్చి పడుకుంటే ఎంత బావుండును! ఎవరి ఖర్మ వాళ్ళది అనుకుంటే ఎంత బావుండును!

"వెయ్యను" అన్నాడు.

"ఏసురత్నం..."

"వెయ్యనండీ! ఇవాళ ముప్ఫై తొమ్మిది వీశెలకి వేస్తా. వేసవి వెళ్ళేసరికి ముప్ఫై అవుతారు. అప్పుడొచ్చి ఇంకా మెత్తటిది వెయ్యమంటారు. నా దగ్గర అంత మెత్తటివి లేవు!" అతని గొంతు వీధి మొదటి దాకా వినపడింది. పదిహేనేళ్ళలో ఈ మనిషి ముందు అలా అరిచింది లేదు. అరిచినందుకు సిగ్గేసి, గొంతు తగ్గించాడు. "ఒకటో తరగతి పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని చదివిస్తారని చెప్పుకుంటారండీ మీ గురించి."

రామబ్రహ్మంగారు రెండు చేతులూ హాండిలు మీంచి తీసి మొహం కప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. ఏసురత్నం అటు తిరిగి, పనిలేని పానాలు సర్దుతూ నిలబడ్డాడు.

"పొద్దున నా పెట్టె సర్దిపెడుతూ వసుమతి అడిగింది, నాన్నా నువ్వు తిరిగే ఊళ్ళల్లో పిల్లలు ఎలా చదువుతున్నారని" అన్నారాయన, మొహం తుడుచుకుంటూ.

"వెనక్కి జరగండి" అన్నాడు ఏసురత్నం.

"ఎందుకు?"

"బెజవాడ పెద్దాసుపత్రి పన్నెండింటి దాకా చూస్తారు. నేను నడుపుతా. ఇంజెక్షన్లొచ్చాయటండీ దానికి, మునుపటిలా కాదు. నయమై తిరుగుతున్నవాళ్ళని నేను చూశా."

చూశాడో లేదో దేవుడికెరుక. ఉతికిన చొక్కా తొడుక్కుని, షెడ్డు తాళంచెవి వీరరాఘవయ్య కొట్టు అరుగు మీద పెట్టి వచ్చేసరికి, రామబ్రహ్మంగారు వెనక సీటు మీదకి జరిగి ఉన్నారు. ఏసురత్నం ఎక్కి కూచుంటే మోకాలు కలుక్కుమంది. మూడో తన్నుకి బండి లేచింది.

పేట దాటాక గాని అతనికి తెలియలేదు, వెనక మనిషున్నట్టే లేదని. బండి మీద ఇంకొకరున్న బరువు నడుముకి తెలియాలి, మలుపులో తెలియాలి. ఏమీ తెలియట్లేదు. "అయ్యా, ఉన్నారా?" అని కేకేశాడు.

"ఉన్నా."

చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డెక్కారు. అక్కడ రోడ్డు తవ్వి కంకర పోశారు, అర మైలు పొడుగునా గుంటలే. ముందు చక్రం పడుతోంది, లేస్తోంది. చేతిదాకా ఏమీ రావట్లేదు.

"ఉన్నారాండీ?"

"ఉన్నా ఏసురత్నం. ఇవాళ కొట్టట్లేదే! ఎంత హాయిగా పోతోంది! ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదండీ. నేనెక్కా, అంతే."

కళ్ళలో నీళ్ళు తిరిగితే, గాలికే అనుకున్నాడు ఏసురత్నం. గాలి కాదని తెలిసి, ఎవరిని తిట్టాలో తెలియక లారీవాణ్ణొకణ్ణి తిట్టాడు. ఆ తరవాత రాయి రాయికీ అడుగుతూనే ఉన్నాడు, ఆయన చెపుతూనే ఉన్నారు.

నందిగామ వచ్చింది. ఎడం పక్క సందులోకి తిరిగితే నాలుగో ఇల్లే ఆయనది. కమలాంబగారికి చెప్పకుండా ఇల్లు దాటిపోవడం న్యాయం కాదనిపించింది ఏసురత్నానికి. గేరు తగ్గించాడు. బండి నెమ్మదించింది.

"ఆపమంటారా?" అన్నాడు.

వెనక రెండు చేతులు వచ్చి అతని నడుం చుట్టూ పడ్డాయి. పదిహేనేళ్ళలో ఆయన ఏసురత్నాన్ని ముట్టుకోవడం అదే మొదలు. ఒళ్ళు కాలిపోతోంది.

"ఆపకు" అన్నారు రామబ్రహ్మంగారు. "ఇల్లు కనిపిస్తే దిగిపోతా. ఆపకు, పోనీ."